జాకార్డు అట్టలు – పాఠశాల సందేశ సర్వరు

షోలాపూరు తెలుగువారి ఇండ్లలో దుప్పటి మగ్గము నెరుగని ఇల్లు అరుదు. పడుగు దారములలో ఏవి పైకి లేవవలెనో, ఏవి క్రిందనే నిలువవలెనో జాకార్డు పెట్టెకు వ్రేలాడు అట్టలు చెప్పును. అట్టలో రంధ్రమున్నచో ఒక ఆజ్ఞ, లేనిచో వేరొక ఆజ్ఞ. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున జోసెఫ్ మరీ జాకార్డు రూపొందించిన పద్ధతి యిది. నేతగాడు మారినను, మగ్గము మారినను, అట్టల దండ చేతనున్నచో అదే పువ్వు, అదే నెమలి మరల దుప్పటిపై దిగును. అట్టలు పోయినచో ఎంతటి నేర్పరియైనను పాత దుప్పటిని ముందుంచుకొని దారము దారమును లెక్కించుకొనవలసినదే.

మన పాఠశాలనుండి తల్లిదండ్రులకు వార్తలు పంపు సందేశ సర్వరునకును ఇట్టి అట్టల దండ యుండవలెనని మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి. ఆ ఆలస్యమునకు వెల చెల్లించినవారు మేము కాదు, ఇద్దరు పిల్లలు. కావున ఆ సర్వరు ఎట్టిది, ఎట్లు చెడినది, ఇప్పుడు మానవుని జ్ఞాపకముపై నాధారపడక దానంతటది నిలుచునట్లు ఎట్లు కూర్చితిమి అను విషయములను తల్లిదండ్రులకు విన్నవించుట మా విధి.

స్వంత సర్వరు ఎందులకు?

తొలుత మనమును అందరివలెనే సెల్‌ఫోనులోని సందేశపు గుంపులనే వాడితిమి. అట్టి గుంపులో ప్రతి సభ్యుని ఫోను నంబరు తక్కిన అందరికిని కనబడును. ఒక తల్లికి తెలియని నంబరునుండి రాత్రివేళ పిలుపులు రాసాగెను. ఆమె గుంపునుండి వైదొలగెను. నాటినుండి పరీక్ష తేదీలుగాని, సెలవు వార్తలుగాని ఆమెకు చేరలేదు. చదువు సంగతి తెలిసికొనుటకు తన నంబరును రెండువందలమంది ముందుంచవలసిన అగత్యము ఏ తల్లికిని ఉండరాదని సంఘ కార్యవర్గము తలంచెను.

అందుచే మేట్రిక్స్ అను పద్ధతిని ఎన్నుకొంటిమి. ఇది 2014లో ప్రారంభమైన బహిరంగ ప్రమాణము. ఎవరైనను దాని నియమములను చదివి, దానికి తగిన సర్వరును తమ యంత్రముపై నడుపుకొనవచ్చును. ఫ్రాన్సు ప్రభుత్వము తన ఉద్యోగులకై నెలకొల్పిన చాప్ అను సందేశ సాధనము ఈ పద్ధతిపైననే నడచుచున్నది. ఇట్టి సర్వరులలో ఒకటి సినాప్స్. ఫోనులో వాడుకొనుటకు ఎలిమెంట్ అను యాప్ ఉన్నది. ఇందు సభ్యుని గుర్తు పేరే కాని ఫోను నంబరు కాదు. ప్రోగ్రాముకు మూల్యము లేదు. యంత్రపు అద్దె, పోషణ, జాగ్రత్త మాత్రము మనవి.

మొదటి ఏర్పాటు

మన పాఠశాలలో చదివి కంప్యూటరు విద్యలో ఆరితేరిన ఒక పూర్వవిద్యార్థి వేసవి సెలవులలో వచ్చి, ఆఫీసు గదిలోని కంప్యూటరుపై ఈ సర్వరును నెలకొల్పెను. కూలి తీసికొనలేదు. నాలుగు దినములు కూర్చుండి, ఒక్కొక్క ఆజ్ఞను చేతితో టైపుచేసి, తప్పు వచ్చినచోట దిద్ది, తుదకు నడిపించెను. ఏడాది పొడుగున అది చక్కగా పనిచేసినది. అతడేమేమి టైపుచేసెనో వ్రాసిపెట్టుమని మేము అడుగలేదు.

మరుసటి వేసవిలో, షోలాపూరు ఎండ తెలిసినదే, ఆ కంప్యూటరు డిస్కు చెడిపోయెను. అప్పటికి ఆ యువకుడు దూరదేశమున ఉద్యోగములో నుండెను. ఫోనులో దయతో పలికెనుగాని ఏడాది క్రిందటి వివరములు అతనికి జ్ఞప్తికి రాలేదు. వేరొకరిచేత క్రొత్త సర్వరును పెట్టించితిమి. వారు సర్వరు పేరును పాతదానివలె గాక కొంచెము మార్చి వ్రాసిరి. దానితో పాత సభ్యులందరును క్రొత్త సర్వరుకు తెలియనివారైరి. పాత సందేశముల ప్రతి యున్నదా యనగా ఉన్నది. అది చెడిన డిస్కులోనే యున్నది.

అందరిని మరల చేర్చుకొనుటకు తొమ్మిది దినములు పట్టెను. ఆ తొమ్మిది దినములలోనే ఉపకారవేతన పరీక్ష దరఖాస్తు గడువు ముగిసెను. ఎనిమిదవ తరగతి పిల్లలిద్దరు దరఖాస్తు చేయలేకపోయిరి. వారిలో ఒక అమ్మాయి తల్లి బీడీలు చుట్టి బ్రతుకు నడుపుకొనునది. ఆమె ఆఫీసు గది వాకిట నిలిచి, “సార్, మీ మిషిను పాడైతే మా పిల్ల ఏం తప్పు జేసింది?” అని యడిగెను. మేము బదులు పలుకలేకపోతిమి.

తరువాత ఆలోచించితిమి. తప్పు యంత్రముది కాదు. యంత్రములు చెడుట సహజము. ఆ యువకునిదియు కాదు. ప్రవేశపు రిజిస్టరును, హాజరు పట్టీని ఏ ఉపాధ్యాయుని జ్ఞాపకమునకును వదలని మేము, సర్వరును మాత్రము ఒక్కని జ్ఞాపకమునకు వదలితిమి. తప్పు అదియే.

మూడు మూటలు

ఇప్పటి ఏర్పాటులో సర్వరునకు సంబంధించినదంతయు మూడు మూటలుగా విడదీసితిమి. మొదటిది కూర్పు, అనగా సర్వరు ఎట్లు నడువవలెనో తెలుపు వ్రాత. రెండవది రహస్యములు, అనగా పాస్‌వర్డులు, తాళపుచెవులవంటి ఫైళ్లు. మూడవది నిల్వ, అనగా సభ్యుల పేర్లు, సందేశములు, బొమ్మలు. మగ్గపు భాషలో చెప్పవలెనన్నచో మొదటిది అట్టల దండ, రెండవది గోదాము తాళపుచెవి, మూడవది నేసిన సరుకు. ఈ మూటిని ఒకేచోట కలిపి యుంచుటయే మా మొదటి పొరపాటు.

కూర్పు సాధారణమైన అక్షరములతో వ్రాసిన ఫైలు. చదువ నేర్చినవారు చదివి తెలిసికొనవచ్చును. అందలి ముఖ్యాంశములు కొన్ని చెప్పుదుము.

మొదటిది సర్వరు పేరు. ఇది ప్రతి సభ్యుని గుర్తు చివర ఇంటిపేరువలె నిలుచును. సినాప్స్‌లో ఈ పేరును ఒకసారి పెట్టిన పిదప మార్చుటకు వీలులేదు. యంత్రము మారవచ్చును, ఊరు మారవచ్చును, పేరు మారరాదు. కావున యంత్రపు పేరును గాక, సంఘము స్వంతముగా కొని యేటేట రుసుము చెల్లించు ఇంటర్నెట్టు పేరునే ఇందుకు పెట్టితిమి. ఆ రుసుము చెల్లింపు తేదీని కోశాధికారి పుస్తకములో వ్రాయించితిమి.

రెండవది డేటాబేసు. సినాప్స్ ఏమియు చెప్పనిచో ఎస్‌క్యూలైట్ అను చిన్న డేటాబేసుతో నడచును. అది పరీక్షించి చూచుటకు సరిపోవును గాని నిత్యము నడుచు సర్వరునకు చాలదు. దానికి పోస్ట్‌గ్రెస్ తగినది. ఆ డేటాబేసును సృష్టించునప్పుడే అక్షరముల విధానము యూటీఎఫ్-8 అనియు, అక్షరక్రమము ‘సీ’ అనియు చెప్పవలెను. యూటీఎఫ్-8లో తెలుగు లిపి సంకేతము ఒక్కొక్కటి 3 బైట్లు తీసికొనును. మన నోటీసులు తెలుగున చెదరక నిలుచుటకు ఆ విధానము కావలెను. అక్షరక్రమమును ‘సీ’ అని నిర్ణయించుటకు వేరొక కారణము కలదు. ఇతర క్రమములు యంత్రపు మూల ప్రోగ్రాములు మారినప్పుడు తామును మారుచుండును. అప్పుడు డేటాబేసులోని సూచికలు తప్పుదారి పట్టును. ‘సీ’ క్రమము అట్లు మారదు.

మూడవది ప్రవేశము. కోరినవారెల్ల తమంతట తాము చేరుటకు వీలులేకుండ ప్రవేశద్వారమును మూసితిమి. పాఠశాల ఇచ్చు ప్రవేశ సంకేతము గలవారే చేరగలరు. ఒక్కొక్క సంకేతము ఎన్నిసార్లు పనికివచ్చునో, ఏ తేదీతో కాలము తీరునో ముందే నిర్ణయింపవచ్చును. మేట్రిక్స్ సర్వరులు లోకమందలి తక్కిన సర్వరులతో మాటాడగలవు. పిల్లల సంగతులు నడుచు ఈ సర్వరునకు ఆ రాకపోకలు అనవసరము. మాటాడదగిన సర్వరుల పట్టీని ఖాళీగా వ్రాసి ఆ దారిని మూసితిమి.

నాలుగవది చిన్న విషయముగాని మమ్ము చాల వేధించినది. ఉపాధ్యాయులు ప్రశ్నపత్రముల ఫోటోలు పంపగా కొన్ని చేరెను, కొన్ని చేరలేదు. సినాప్స్ మామూలుగా 50 మెగాబైట్ల ఫైలు వరకు అంగీకరించును. కాని సినాప్స్‌కు ముందు, వాకిట కావలివానివలె, ఎన్‌జిన్‌ఎక్స్ అను ప్రోగ్రాము నిలుచును. అది వేరుగా చెప్పనిచో 1 మెగాబైటు మించిన దేనిని లోనికి పోనీయదు. ఇంటిలోనివారు రమ్మన్నను కావలివాడు వలదన్నచో అతిథి లోనికెట్లు వచ్చును? ఇప్పుడు ఆ పరిమితిని కూర్పులో ఒక్కచోట వ్రాసి, అక్కడినుండియే రెండు ప్రోగ్రాములకును అందునట్లు చేసితిమి.

రహస్యముల మూట

కూర్పు ఫైళ్లను కార్యవర్గ సభ్యులు ముగ్గురు చూడవచ్చును. వారి కంప్యూటర్లలో వాని ప్రతులున్నవి. అట్టి ఫైళ్లలో పాస్‌వర్డులు వ్రాయరాదు. సినాప్స్‌లో సభ్యుల నమోదుకై ఒక ఉమ్మడి రహస్యము కలదు. ప్రవేశద్వారము మూసియున్నను దానిని ఎరిగినవాడు సర్వరును చేరగలిగినచో క్రొత్త సభ్యులను, అధికారులను సైతము సృష్టించుకొనగలడు. డేటాబేసు పాస్‌వర్డు ఉన్నది. సర్వరు తన సందేశములపై ముద్ర వేయు సంతకపు ఫైలు ఉన్నది. వీనినన్నిటిని అన్సిబుల్ వాల్ట్ అను సాధనముతో సంకేతలిపిలోనికి మార్చి దాచితిమి. విప్పుటకు వలయు మాటను కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, లక్కముద్ర వేసి, ఒకటి పాఠశాల బీరువాలోను, రెండవది సంఘాధ్యక్షుల యింటను ఉంచితిమి. ఎంతటి యంత్రవిద్యకైనను తుదకొక కాగితపు తోడు కావలసివచ్చినది.

అట్టలను చదువునది

అట్టలున్నచో చాలదు, వానిని చదువు పెట్టె కావలెను. మా ఏర్పాటులో ఆ పని అన్సిబుల్ అను సాధనముది. ఇది 2012లో వెలువడినది. క్రొత్త యంత్రమునకు ఏమేమి కావలెనో ఫైలులో వరుసగా వ్రాసి యిచ్చినచో అది దూరమునుండియే ఆ యంత్రములో ప్రవేశించి ఒక్కొక్కటి అమర్చును. దీనిలోని గొప్పతనము వేగము కాదు. సరిగా వ్రాసిన ఆజ్ఞలను ఎన్నిసార్లు నడిపినను హాని లేదు. అమర్చియున్నదానిని అది మరల కదలింపదు. లేనిదానినే చేర్చును, మారినదానినే సరిదిద్దును. బడి గంట మ్రోగగానే కిటికీలు మూయుమని బంట్రోతుకు చెప్పితిమనుకొందము. మూసియున్న కిటికీని అతడు మరల తెరచి మూయడు కదా! అట్టిదే యిదియు.

ప్రోగ్రాములను డాకర్ పెట్టెలలో నుంచి నడుపుచున్నాము. ప్రోగ్రామును, దానికి వలయు ఉపకరణములను ఒక్కచోట కట్టిన మూటయే డాకర్ పెట్టె. ఇచ్చట ఒక హెచ్చరిక. “అన్నిటికంటె క్రొత్తది తెమ్ము” అని వ్రాయుట సులభముగాని ప్రమాదము. క్రొత్త వెర్షను డేటాబేసు రూపమును మార్చినచో పాతదానికి మరలుట కొన్నిసార్లు సాధ్యము కాదు. పోస్ట్‌గ్రెస్ 15 వ్రాసిన నిల్వను పోస్ట్‌గ్రెస్ 16 నేరుగా తెరువజాలదు. దానిని ప్రత్యేక విధానముతో మార్చుకొనవలెను. కావున వెర్షను సంఖ్యను స్పష్టముగా వ్రాసితిమి. మార్పులు చదివి, పరీక్షించి, పిదపనే ఆ సంఖ్యను మార్చుదుము. అట్లని భద్రతా సవరణలను జాగుచేయుటయు తగదు. 2019 ఏప్రిలులో మేట్రిక్స్ సంస్థ స్వంత సర్వరులలోనికే దుండగులు చొరబడిరి. సవరణ చేయక మిగిలిన జెన్కిన్స్ అను పాత ప్రోగ్రామే వారికి దారి యిచ్చినది. సంస్థవారు తమ యంత్రములను మరల నిర్మించుకొనవలసివచ్చినది. అందుచే నెలకొకసారి సవరణలు చూచుటను పాఠశాల కార్యక్రమ పట్టికలో చేర్చితిమి.

అమర్చు వరుసయు ముఖ్యము. మొదట యంత్రపు ద్వారములు మూసి, పిదప డేటాబేసు, పిదప సినాప్స్, పిదప అధికారి పేరు నమోదు. సర్వరు ఆరోగ్యముగా నున్నదని బదులు చెప్పిన పిమ్మటనే కావలివానికి భద్రతా పత్రము తెప్పించి, ఇంటర్నెట్టు వైపు వాకిలి తెరచుదుము. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితముగా నిచ్చు ఆ పత్రము 90 దినములకు మించి చెల్లదు. దానిని మరల తెప్పించు పనిని సైతము యంత్రమునకే అప్పగించితిమి. వేసవి సెలవులలో ఆ తేదీని జ్ఞాపకముంచుకొనువారెవ్వరు?

ప్రతియు, పరీక్షయు

కూర్పు ఎంత బాగున్నను నిల్వ పోయినచో పేర్లు, మాటలు పోవును. ప్రతిరాత్రి డేటాబేసు ప్రతి తీయబడును. బొమ్మలు, ఫైళ్లు డేటాబేసులో నుండవు, వేరొక స్థలమున నుండును. కావున వాని ప్రతిని వేరుగా తీయుచున్నాము. సంతకపు ఫైలు రహస్యముల మూటలో నున్నది. ప్రతులు వేరు ఊరిలోని యంత్రమునకు పోవును. ఇందు ఒక సూక్ష్మము కలదు. రహస్యలిపి సంభాషణకై ఫోనులు సర్వరువద్ద ఒకసారి మాత్రమే వాడదగిన తాళపుచెవులను ఉంచును. పాత ప్రతినుండి వానిని మరల తెచ్చినచో వాడినవే మరల వాడబడి సందేశములు విప్పబడక చిక్కు కలుగును. అందుచే ఆ పట్టికలోని వివరములను ప్రతినుండి మినహాయింపవలెనని సినాప్స్‌వారే సూచించియున్నారు. మేమట్లే చేసితిమి.

ప్రతి తీయుచున్నామను నమ్మకము వేరు, ప్రతి పనికివచ్చుట వేరు. 2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ అను ప్రసిద్ధ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసు ఉన్న యంత్రముపై చెరపివేత ఆజ్ఞ నిచ్చెను. సుమారు 300 గిగాబైట్లు పోయెను. ప్రతులకై వెదకగా, ప్రతి తీయు సాధనపు వెర్షను డేటాబేసు వెర్షనుతో సరిపడనందున ఆ పని జరుగుటయే లేదని తెలిసినది. పని తప్పినదని తెలుపు హెచ్చరిక ఉత్తరములును ఎవరికిని చేరలేదు. అదృష్టవశమున సుమారు ఆరు గంటల ముందు వేరొక పనికై తీసిన ప్రతి యొకటి దొరకెను. ఆ సంస్థవారు ఈ సంగతినంతయు దాచక లోకమునకు వెల్లడించిరి. అట్టి నిపుణులకే ఆ గతి పట్టినప్పుడు మనమెంత?

కావున ప్రతి దీర్ఘసెలవునందును మేమొక పరీక్ష పెట్టుకొనుచున్నాము. ఒక దినమునకు మాత్రము అద్దెకు క్రొత్త యంత్రమును తీసికొందుము. కూర్పు, రహస్యములు, గతరాత్రి ప్రతి, ఈ మూడు మూటలను మాత్రమే చేతనుంచుకొని, బయటి లోకమునకు తెరువకయే సర్వరును నిలువబెట్టుదుము. సభ్యుల సంఖ్య సరిపోయినదా, తెలుగు నోటీసు చెదరక కనబడినదా, ఫోటో తెరచుకొనినదా అని చూచి పిదప ఆ యంత్రమును విడిచిపెట్టుదుము. మొదటి పరీక్ష ఉదయము మొదలై దీపములు పెట్టువేళకు ముగిసినది. పన్నెండు లోపములు బయటపడినవి. దానినంతయు వ్రాసి సరిదిద్దితిమి. క్రిందటి దీపావళి సెలవులలో అదే పనిని, కంప్యూటరు వృత్తి కాని మా గణితోపాధ్యాయిని వ్రాతను చూచి ఒక గంటలోపల ముగించిరి. ఆ దినమున మా గుండె కుదుటపడినది. సర్వరు ఇప్పుడు ఏ ఒక్కనిదియు కాదు, పాఠశాలది.

తల్లిదండ్రుల వంతు

ఈ ఏర్పాటు చేయలేని పనియు ఒకటున్నది. రహస్యలిపిలో నడచిన సంభాషణను మేము చదువలేము, చదువరాదు కూడ. ఆ తాళపుచెవులు మీ ఫోనులలోనే యుండును. ఫోను పోయినప్పుడు పాత మాటలు మరల తెరచుకొనుటకు యాప్ ఇచ్చు పునరుద్ధరణ సంకేతమును కాగితముపై వ్రాసి రేషను కార్డువలె భద్రపరచుకొనవలెను. దానిని పోగొట్టుకొన్నవారికి మేము సర్వరు వైపునుండి సహాయము చేయజాలము. పాఠశాల నోటీసుల గది మాత్రము రహస్యలిపి లేనిది. ఫోను మారినను ఆ నోటీసులు మీకు కనబడును.

ప్రవేశ సంకేతమును ఇతరులకు ఈయకుడు. 2023లో వెలువడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి సమాచారము విషయమున తల్లిదండ్రుల సమ్మతికి ప్రాధాన్యమిచ్చినది. అందుచేతనే పిల్లల పేర నమోదులు చేయక మీ పేరనే చేయుచున్నాము.

మరియొక మనవి. కూర్పు వ్రాతను చదివి నేర్చుకొన గోరు తల్లిదండ్రులుగాని, పూర్వవిద్యార్థులుగాని రాబోవు వేసవి పరీక్షకు ఆఫీసు గదికి రావలెనని ఆహ్వానించుచున్నాము. ఎంతమంది చేతులు పట్టునో ఆ పని అంత గట్టిగా నిలుచును.

దరఖాస్తు గడువు తప్పిన ఆ అమ్మాయి మరుసటి యేడు తొమ్మిదవ తరగతికి పోయెను. ఆ పరీక్ష మరల ఆమెకు రాదు. పోయినదానిని మేము తెచ్చియీయలేము. ఆమె చెల్లెలు ఇప్పుడు మన ఏడవ తరగతిలో చదువుచున్నది. వచ్చే యేడు ఆ దరఖాస్తు వార్త ఆ యింటికి తెలుగున, వేళకు చేరవలెను. అందులకే ఈ అట్టల దండ.